టర్బో 350 తీసి 700ఆర్4 ఎక్కించడం: సరిపడే టార్క్ కన్వర్టర్ వెతుకులాట (ప్రాజెక్టు డైరీ)

ఇంజన్ షెవ్రొలే స్మాల్ బ్లాక్ 350, అంటే 5.7 లీటర్లది. 1986కు ముందు తయారైంది కాబట్టి వెనక మెయిన్ సీలు (క్రాంకు వెనక కొన దగ్గర ఆయిలు కారకుండా ఆపేది) రెండు ముక్కలు. దాని వెనక ఇప్పుడున్నది మూడు గేర్ల టర్బో 350 ఆటోమేటిక్. ఆ స్థానంలో నాలుగు గేర్ల 700ఆర్4 పెట్టాలి. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73, టైరు ఎత్తు 660 మి.మీ. గంటకు 100 కి.మీ. వేగంలో చక్రం నిమిషానికి 804 చుట్లు తిరుగుతుంది. మూడో గేరు 1:1 కాబట్టి ఇంజన్ 3,000 దగ్గర అరుస్తూ ఉంటుంది. 700ఆర్4 నాలుగో గేరు 0.70, అంటే అదే వేగానికి 2,100. ఈ 900 చుట్ల తేడా కోసమే ఇంత పని.

గేర్‌బాక్సు దొరికింది, బిగించే బోల్టు రంధ్రాలు బ్లాకుకు నేరుగా కలుస్తాయి. పని ఆగింది టార్క్ కన్వర్టర్ దగ్గర, అంటే ఇంజన్ బలాన్ని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే గుండ్రని డబ్బా దగ్గర. చేతిలో నాలుగు కన్వర్టర్లు ఉన్నాయి, నాలుగూ కంటికి ఒకేలా కనిపిస్తాయి, నాలుగూ "షెవ్రొలేకి సరిపోతాయి" అన్నవే.

1వ రోజు: ముందు గేర్‌బాక్సు ఏ సంవత్సరానిదో తేల్చుకోవాలి

700ఆర్4 1982లో వచ్చింది. 1984 వరకు ఇన్‌పుట్ షాఫ్టుకు 27 స్ప్లైన్ పళ్లు, 1985 నుంచి 30. కన్వర్టర్ కొనేముందు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. కేసు మీద పోత నంబరు చూసి నిర్ణయించకూడదు. నలభై ఏళ్ల గేర్‌బాక్సు ఇప్పటికి ఒకసారైనా విప్పి ఉంటారు, లోపలి డ్రమ్ము మారి ఉండొచ్చు. షాఫ్టు కొన తుడిచి, ఒక పంటి మీద మార్కర్‌తో గీత పెట్టి, సూదితో ఒక్కో పన్నూ తాకుతూ లెక్కపెట్టాం. రెండుసార్లు లెక్కపెట్టినా 30 వచ్చింది. మంచిదే. 27 వచ్చి ఉంటే 27 పళ్ల కన్వర్టరే వెతకాలి, లేదా ఇన్‌పుట్ షాఫ్టు ఉన్న డ్రమ్మునూ పంపులోని స్టేటర్ సపోర్టునూ (షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం) కూడా మార్చాలి. షాఫ్టు ఒక్కటి మారిస్తే సరిపోదు, ఎందుకంటే లావు షాఫ్టు పాత స్టేటర్ సపోర్టు గుండా పట్టదు.

షాఫ్టు కొన దగ్గర ఒక సన్నని రబ్బరు ఓ-రింగు ఉంది. ఆ రోజు దాన్ని ఉంది అని రాసుకుని వదిలేశాం. దాని కథ చివర్లో మళ్లీ వస్తుంది.

2వ రోజు: ఫ్లెక్స్‌ప్లేటు

కన్వర్టర్ ఒక పక్క గేర్‌బాక్సుకూ మరో పక్క ఇంజన్‌కూ పొసగాలి. ఇంజన్ పక్క ఫ్లెక్స్‌ప్లేటుది, అంటే క్రాంకుకు బిగించే, అంచున పళ్లున్న పలచని పళ్లెంది. ఉన్న ప్లేటు 168 పళ్లది, సుమారు 14 అంగుళాల వ్యాసం. 153 పళ్లదైతే 12.75 అంగుళాలు. పళ్ల సంఖ్య మారిస్తే స్టార్టరు కూడా మారుతుంది: 153కు స్టార్టరు బోల్టులు రెండూ అడ్డంగా ఒకే వరసలో ఉంటాయి, 168కి ఏటవాలుగా ఉంటాయి. ప్లేటును వదిలేస్తే స్టార్టరు గొడవ ఉండదు, అందుకని వదిలేశాం.

కొత్త ప్లేటు కొనాల్సివస్తే జాగ్రత్త. 1986 నుంచి వెనక మెయిన్ సీలు ఒకే ముక్క అయింది, క్రాంకు అంచు మీద బోల్టు వలయం 3.58 అంగుళాల నుంచి 3.00కి తగ్గింది, బ్యాలెన్సు బరువు కొంత ఫ్లెక్స్‌ప్లేటు మీదికి వచ్చింది. ఆ ప్లేటు ఈ క్రాంకుకు బోల్టే పట్టదు కాబట్టి పొరబాటు వెంటనే బయటపడుతుంది. బయటపడని పొరబాటు ఇంకోటి ఉంది: స్మాల్ బ్లాక్ 400 ప్లేటు. అదీ రెండు ముక్కల సీలు కాలానిదే, బోల్టులు చక్కగా పడతాయి, కానీ దానికి వెల్డు చేసిన బరువు ఉంటుంది. 350 లోపలే బ్యాలెన్సయిన ఇంజన్. దానికి ఆ ప్లేటు పెడితే బండి వణుకుతుంది. ఆ వణుకు చూసి కన్వర్టర్‌నే అనుమానించి దాన్ని మూడుసార్లు మార్చేవాళ్లుంటారు.

మా ప్లేటును కడిగి, క్రాంకు బోల్టు రంధ్రాల చుట్టూ టార్చి పక్కవాటుగా పెట్టి పగుళ్లు చూశాం. లేవు. డయల్ గేజి పెట్టి కన్వర్టర్ బోల్టులు పడే చోట పక్క ఊపు కొలిస్తే 0.20 మి.మీ. వచ్చింది. మేం పెట్టుకున్న హద్దు 0.25. క్రాంకు బోల్టులు 81 న్యూటన్-మీటర్లకు బిగించాం.

ప్లేటులో కన్వర్టర్ బోల్టులకు రెండు వలయాల రంధ్రాలున్నాయి: 10.75, 11.5 అంగుళాలు. కన్వర్టర్ ఏ వలయానిదో తేల్చడానికి మధ్యలోని బొడిపె అడ్డొచ్చి నేరుగా కొలవడం కుదరదు. మూడు బోల్టు రంధ్రాలు సమభుజ త్రిభుజం కాబట్టి పక్కపక్క రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం చాలు: 236.5 మి.మీ. ఉంటే 10.75 వలయం, 253 ఉంటే 11.5. వెర్నియర్ లేకపోయినా మంచి టేపుతో తెలిసిపోతుంది, తేడా 16 మి.మీ. పైనే ఉంది.

3వ రోజు: నాలుగు కన్వర్టర్లు, నాలుగు తీర్పులు

మొదటిది టర్బో 350తో వచ్చిన పాతదే. దీనికీ 30 పళ్లే. ఇక్కడే చాలామంది మోసపోతారు: పళ్లు కలిశాయి, బోల్టులు కలిశాయి, ఇంకేం కావాలి అని. కావాల్సింది లోపల ఉంది. ఆయిలు ద్వారా బలం అందేటప్పుడు కొంత జారుడు ఉంటుంది. దాన్ని ఆపడానికి 700ఆర్4లో కన్వర్టర్ ముందు కవరుకు అతుక్కునే లాకప్ క్లచ్ ఉంటుంది. లాక్ కానప్పుడు ఆయిలు ఇన్‌పుట్ షాఫ్టు నడుమ గుండా వచ్చి క్లచ్‌కూ కవరుకూ మధ్య చేరి వాటిని విడదీస్తుంది. లాక్ చేయాలంటే వాల్వ్ బాడీ ఆ ప్రవాహాన్ని తిప్పేస్తుంది: ఆయిలు వెనక వైపు నుంచి తోసి క్లచ్‌ను కవరుకు అదుముతుంది, ముందరి ఆయిలు షాఫ్టు గుండా వెనక్కి పోతుంది. లాకప్ లేని కన్వర్టర్‌లో అదమడానికి క్లచ్చే ఉండదు. ఓవర్‌డ్రైవ్‌లో ఇంజన్ తక్కువ చుట్లలో బరువు లాగుతూ ఉంటుంది, ఆ జారుడంతా వేడిగా మారి ఆయిల్లోకి పోతుంది. ఏ చుట్ల తగ్గింపు కోసం గేర్‌బాక్సు మార్చామో అందులో కొంత జారుడుకే పోతుంది, పైగా ఆయిలు మాడుతుంది. తీసి పక్కన పెట్టాం.

రెండోది లాకప్ ఉన్నదే, 1984 గేర్‌బాక్సు నుంచి విప్పింది. లోపల వేలు పెట్టి టర్బైన్ (ఇన్‌పుట్ షాఫ్టును తిప్పే లోపలి చక్రం) పళ్లు లెక్కపెడితే 27. పక్కన పెట్టాం. దీనికి పట్టిన సమయం రెండు నిమిషాలు.

మూడోది ఆశ పెట్టింది. 30 పళ్లు, లాకప్ ఉంది, బోల్టు దూరం 236.5, పంపు హబ్బు (గేర్‌బాక్సు పంపులోకి దూరే గొట్టం) 1.875 అంగుళాలు. కానీ వ్యాసం 245 మి.మీ. మాత్రమే. ఇది ఆరు సిలిండర్ల చిన్న ఇంజన్ల వెనక వచ్చే రకం. చిన్న కన్వర్టర్ ఎక్కువ చుట్ల దగ్గర స్టాల్ అవుతుంది. బండిని కదలనివ్వకుండా పూర్తి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ ఎన్ని చుట్ల దగ్గర ఆగుతుందో అదే స్టాల్. అది కన్వర్టర్‌కు పుట్టుకతో వచ్చిన ఒకే అంకె కాదు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, వెనక ఉన్న ఇంజన్ టార్క్ కొద్దీ అది మారుతుంది. లెక్క సులువు: కొత్త స్టాల్ = పాత స్టాల్ × (కొత్త టార్క్ ÷ పాత టార్క్) వర్గమూలం. 200 న్యూటన్-మీటర్ల ఇంజన్ వెనక 2,000 దగ్గర స్టాల్ అయ్యేది 340 ఇచ్చే మా ఇంజన్ వెనక 2,600కి పోతుంది. మన క్రూయిజు 2,100. తేలిక యాక్సిలరేటర్‌తో పోతున్నప్పుడు పరవాలేదు కానీ, ఎత్తులో లాకప్ విడిపోయిన ప్రతిసారీ ఇంజన్ ఎగిరి అరుస్తుంది, బండి మాత్రం నింపాదిగా పోతుంది, ఆయిలు వేడెక్కుతుంది. ఇంకో లోపం: లాకప్ క్లచ్ వైశాల్యం వ్యాసంతో పాటు తగ్గుతుంది. చిన్న ఇంజన్‌కు కొలిచి చేసిన క్లచ్ 350 టార్క్ కింద జారుతుంది. పరుగు పందేల బండికైతే ఆలోచించేవాళ్లం. ఇది అది కాదు.

నాలుగోది బాగుచేసి అమ్మిన 298 మి.మీ. కన్వర్టర్. 30 పళ్లు, లాకప్, బోల్టు దూరం 253, హబ్బు 1.875. ట్యాగు మీద "స్టాల్ 2,000" అని ఉంది, ఏ టార్క్ దగ్గరో లేదు. టార్క్ రాయని స్టాల్ అంకె కిలోనా గ్రామా చెప్పని తూకం లాంటిది. బాగుచేసినవాళ్లను అడిగితే 400 న్యూటన్-మీటర్ల దగ్గర అన్నారు. మా 340కి లెక్క 1,844. సుమారు 1,850 అనుకుందాం.

ఇది తక్కువ కదా అని ఒక వాదన వచ్చింది, టర్బో 350తో ఇంకా ఎక్కువ స్టాల్ వాడేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి. కానీ టర్బో 350 మొదటి గేరు 2.52, 700ఆర్4ది 3.06. అంటే స్టాండింగ్‌లో చక్రానికి అందే బలం 21 శాతం ఎక్కువ. స్టాల్ పెంచి తెచ్చుకునే ఊపులో చాలా భాగాన్ని ఈ గేరే ఇచ్చేస్తుంది. పాత గేర్‌బాక్సుకు పనికొచ్చిన స్టాల్ అంకెను కొత్తదానికి మోసుకురావడం అనవసరం. నాలుగోదే ఖాయం.

4వ రోజు: ఖాయం చేసుకున్నదాన్ని పరీక్షించడం

బాగుచేసిన కన్వర్టర్ అంటే కోసి, లోపల మార్చి, తిరిగి వెల్డు చేసింది. వెల్డు వంకరైతే హబ్బు నడిమి నుంచి తప్పుతుంది. బల్ల మీద తిప్పుతూ డయల్ గేజి పెడితే హబ్బు ఊపు 0.12 మి.మీ. సరే. హబ్బు మీద గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తట్టుకోలేదు. గోరు తట్టే గాడి ఉంటే కొత్త సీలు వేసినా ముందు సీలు కారుతుంది. హబ్బు అంచున పంపును తిప్పే గాళ్ల మూలలు పదునుగా, చదునుగా ఉన్నాయి. అవి గుండ్రంగా అరిగి ఉంటే, పంపు ముక్కలయ్యే దశకు వచ్చిన గేర్‌బాక్సులోంచి ఆ కన్వర్టర్ వచ్చిందని అర్థం.

ఇంజన్ వైపు నడుమ ఉన్న ముక్కు క్రాంకు గుంటలో కూర్చోవాలి. ఈ ఇంజన్ క్రాంకు గుంట 1.703 అంగుళాలు, అంటే 43.26 మి.మీ. ముక్కు 43.18 వచ్చింది. తేడా 0.08. చేత్తో తోస్తే దూరేంత, ఆడకుండా ఉండేంత. గుంట లోపల తుప్పుంటే సన్న ఎమరీ కాగితంతో తుడిచి గ్రీజు పలచగా రాస్తే చాలు. వేడికి కన్వర్టర్ ముక్కు ముందుకూ వెనక్కూ కదలగలగాలి కాబట్టి, ఇక్కడ బిగుతుగా ఉండి సుత్తితో కొట్టాల్సిన పరిస్థితి ఉండకూడదు.

స్టేటర్ (కన్వర్టర్ లోపల ఆయిలు దిశ తిప్పే రెక్కల చక్రం) ఒకవైపు క్లచ్: స్టేటర్ పళ్లలోకి వేలు పెట్టి లోపలి రేసును తిప్పాలి. కుడిచేతి వైపు సాఫీగా తిరగాలి, ఎడమకు ఆగాలి. రెండువైపులా తిరిగితే బండి నిలబడ్డ చోటి నుంచి నీరసంగా కదులుతుంది, వేగం అందుకున్నాక బాగానే పోతుంది. రెండువైపులా పట్టేస్తే ఎత్తుకోవడం బాగుంటుంది కానీ పై వేగంలో గుంజుకుపోదు, ఆయిలు మాడిపోతుంది. ఈ రెండు లక్షణాలు గుర్తుంచుకుంటే ఇంజన్‌ను అనవసరంగా విప్పే పని తప్పుతుంది.

తర్వాత బోల్టులు. ఈ వివరం చాలామంది పట్టించుకోరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాం. కన్వర్టర్ చెవుల (బోల్టులు పట్టే ముక్కల) వెనకే ముందు కవరు ఉంటుంది, దాని లోపలి ముఖం మీదే లాకప్ క్లచ్ అతుక్కుంటుంది. బోల్టు 3 మి.మీ. పొడుగైనా కొన కవరుకు తగిలి, బిగించే కొద్దీ లోపలికి సొట్ట పడుతుంది. బయట ఏమీ కనిపించదు, లోపల క్లచ్ ఆ బొడిపె మీద అతుక్కోవడానికి ప్రయత్నిస్తూ ప్రతిసారీ వణుకుతుంది. ప్లేటు మందం, చెవి మందం, వాషరు కలిపి కొలిచి, బోల్టు కొనకూ కవరుకూ మధ్య కనీసం 2 మి.మీ. మిగిలేలా ఎంచాం. నిర్ధారించుకోవడానికి చెవి వెనక చిన్న మట్టి ముద్ద పెట్టి, బోల్టు చేత్తో పూర్తిగా ఎక్కించి తీసి, ముద్ద మందం చూశాం. 2.4. మరలు కూడా చూసుకోవాలి: పాత కన్వర్టర్లలో 3/8 అంగుళం, తర్వాతి వాటిలో 10 మి.మీ. మెట్రిక్ వస్తాయి. చేత్తో అయిదు చుట్లు సాఫీగా పోతేనే అదే మర.

5వ రోజు: మూడు "టక్"లు

కన్వర్టర్‌లో దాదాపు లీటరు ఆయిలు పోసి, హబ్బుకూ ముందు సీలుకూ ఆయిలు రాసి, గేర్‌బాక్సును ముక్కు పైకి ఉండేలా నిలబెట్టి ఎక్కించాం. నిలబెడితే పని సులువు, పడుకోబెట్టి చేస్తే కన్వర్టర్ బరువు సీలు మీద పడుతుంది. తిప్పుతూ, కాస్త ఊపుతూ కిందికి వదలాలి. స్టేటర్ సపోర్టు పళ్లు, ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు పడ్డాక, ఆఖర్న పంపు రోటరులో హబ్బు గాళ్లు పడతాయి. మూడుసార్లు దిగుతుంది.

రెండోసారి దిగాక కన్వర్టర్ చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది, తిరుగుతుంది కూడా. ఇక్కడ ఆగేవాళ్లు పంపును పోగొట్టుకుంటారు. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్సు ముందున్న గంట ఆకారపు తొడుగు) అంచున స్కేలు అడ్డంగా పెట్టి కన్వర్టర్ చెవి దాకా లోతు కొలవాలి. మాది 13 మి.మీ. వచ్చింది. తిప్పుతూ ఊపుతూ రెండు నిమిషాలు పోయాక మూడోసారి "టక్"మని దిగింది, లోతు 29.4. ఆ 16 మి.మీ. తేడాను చూడకుండా గేర్‌బాక్సు ఎక్కిస్తే బ్లాకుకూ బెల్ హౌసింగ్‌కూ మధ్య సందు ఉంటుంది, బోల్టులు బిగించి దగ్గరికి లాగాలనిపిస్తుంది. 700ఆర్4లో రెక్కల పంపు. అలా లాగినప్పుడు రోటరూ దాని రింగులూ పగులుతాయి. స్టార్టు చేసేముందే పగిలిపోయి ఉంటుంది, స్టార్టు చేశాక తెలుస్తుంది. నియమం ఒక్కటే: బెల్ హౌసింగ్ బ్లాకుకు చేతి బలంతో ఆనాలి, బోల్టు బలంతో కాదు.

బ్లాకు ముఖం నుంచి ఫ్లెక్స్‌ప్లేటు బోల్టు ముఖం వరకు 25.3. 29.4 − 25.3 = 4.1 మి.మీ. కన్వర్టర్‌ను ప్లేటుకు బిగించేటప్పుడు ఇంత ముందుకు వస్తుంది. ఉండాల్సింది 3.2 నుంచి 4.8. తక్కువైతే కన్వర్టర్ వేడికి ఉబ్బినప్పుడు పంపును వెనక్కి, క్రాంకును ముందుకు తోస్తుంది, థ్రస్టు బేరింగు అరుగుతుంది. ఎక్కువైతే హబ్బు గాళ్లు పంపు రోటరులో అంచుకే తగులుతాయి. ఎక్కువైనప్పుడు మూడు చెవులకూ సమాన మందంగల గట్టి వాషర్లు వేసి సరిచేయొచ్చు. తక్కువైనప్పుడు వాషరుతో పని జరగదు, భాగాల్లో ఏదో తప్పు ఉంది, వెతకాలి.

బెల్ హౌసింగ్‌ను సరైన చోట నిలిపే బ్లాకు డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయా చూశాం. పాత ఇంజన్లలో ఒకటి మాయమై ఉండటం మామూలే. క్రాంకు అంచుకు డయల్ గేజి కట్టి బెల్ హౌసింగ్ గుంట చుట్టూ తిప్పితే మొత్తం 0.18 మి.మీ., అంటే నడిమి నుంచి తప్పింది 0.09. 0.13 దాటితే పక్కకు తప్పిన డోవెల్‌లు అమ్ముతారు, 0.007 అంగుళం నుంచి. మాకు అవసరం పడలేదు.

6వ రోజు: బిగింపు, వైరింగు

గేర్‌బాక్సు ఎక్కింది, చేత్తోనే ఆనింది. బెల్ హౌసింగ్ బోల్టులు బిగించాక కన్వర్టర్‌ను చేత్తో తిప్పి చూస్తే తేలికగా తిరుగుతోంది. ఇది తప్పనిసరిగా చేయాలి: తిరగకపోతే అక్కడే ఆగి విప్పాలి. మూడు బోల్టులూ ముందు చేత్తో పెట్టి, తర్వాత ఒక్కొక్కటీ 47 న్యూటన్-మీటర్లకు.

ప్రొపెల్లర్ షాఫ్టు: టర్బో 350 (6 అంగుళాల తోక) కన్నా 700ఆర్4 దాదాపు 78 మి.మీ. పొడుగు, కాబట్టి షాఫ్టు అంత కోయించాం. రెండింటి అవుట్‌పుట్‌కూ 27 పళ్లే, అందుకని యోక్ పాతదే. మౌంటు దాదాపు 54 మి.మీ. వెనక్కి జరిగింది, క్రాస్ మెంబరుకు కొత్త రంధ్రాలు వేశాం.

లాకప్ సోలెనాయిడ్ నాలుగు పిన్నుల కనెక్టర్‌లో ఉంది. "A" పిన్‌కు 12 వోల్టులు, "D" పిన్ ఎర్త్. ఫ్యాక్టరీ బండ్లలో "D" పిన్‌ను ఎర్త్ చేసేది కంప్యూటర్. ఇక్కడ కంప్యూటర్ లేదు. "A" పిన్‌కు వచ్చే 12 వోల్టులు బ్రేకు తొక్కితే తెగిపోయే స్విచ్ గుండా వస్తాయి. "D" పిన్ ఎర్త్‌ను నాలుగో గేరు ప్రెషర్ స్విచ్ గుండానూ, ఇంజన్ వాక్యూమ్ స్విచ్ గుండానూ తెచ్చాం. వాక్యూమ్ స్విచ్ వల్ల యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే లాక్ విడిపోతుంది. గేర్‌బాక్సు సంవత్సరాన్ని బట్టి లోపలి వైర్లు మారుతాయి, కనెక్టర్ పెట్టేముందు మల్టీమీటర్‌తో ప్రతి పిన్నూ చూసుకోవాలి. సోలెనాయిడ్ నిరోధం 24 ఓమ్‌లు, 20కి తగ్గకూడదు. 12 వోల్టులు ఇస్తే టిక్కుమంది.

టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ కన్వర్టర్ సంగతి కాదు కానీ చెప్పకపోతే తప్పు. యాక్సిలరేటర్‌తో పాటు కదిలే ఈ కేబుల్ గేర్‌బాక్సు లోపలి ఒత్తిడిని నిర్ణయిస్తుంది. వదులుగా ఉంటే క్లచ్‌లు జారి కొన్ని కిలోమీటర్లలోనే మాడిపోతాయి. కార్బురేటర్ లివరు పూర్తిగా తెరిచినప్పుడు కేబుల్ పూర్తిగా లాగి ఉండాలి. అది సరిచేయకుండా బండి కదపకూడదు.

ఆయిలు ముందు పాన్‌లో 4.5 లీటర్లు, స్టార్టు చేసి పార్కులో ఉంచి, కన్వర్టర్ నిండే కొద్దీ పోస్తూ వెళ్లాం. మొత్తం దాదాపు 11 లీటర్లు పట్టింది. కన్వర్టర్ ఖాళీగా ఉండగా ఇంజన్‌కు రేసు ఇస్తే పంపు పొడిగా తిరుగుతుంది.

7వ రోజు: రోడ్డు మీద

ఆయిలు వేడయ్యాక స్టాల్ పరీక్ష: నాలుగు చక్రాలకూ అడ్డులు, బ్రేకు గట్టిగా, డ్రైవ్‌లో పూర్తి యాక్సిలరేటర్, అయిదు సెకన్లకు మించకుండా. 1,820. లెక్కకు 30 తక్కువ. బాగుంది.

గంటకు 100 దగ్గర నాలుగో గేరులో లాక్ కాకముందు 2,290. లాక్ అయ్యాక 2,100కి పడాలి, 2,220 దగ్గర ఆగింది. ఎత్తు వచ్చినప్పుడు బండి గరుకు రోడ్డు మీద పోతున్నట్టు వణికింది. 40 కిలోమీటర్లు పోయాక పాన్ ఉష్ణోగ్రత 101 డిగ్రీలు.

వైరింగు నుంచి మొదలుపెట్టాం. నడుస్తుండగా "A" పిన్‌లో 12.6 వోల్టులు, "D" పిన్ ఎర్త్ బాగుంది, సోలెనాయిడ్ పనిచేస్తోంది. లైన్ ఒత్తిడి సరిగ్గా ఉంది. క్లచ్‌కు ఆజ్ఞ అందుతోంది, అది పూర్తిగా అదమడం లేదు. అంటే అదిమే ఆయిలు ఎక్కడో తప్పించుకుంటోంది. బోల్టుల సొట్టా అనుకుందామంటే మట్టి ముద్ద కొలత ఉంది.

9వ రోజు: దించి చూస్తే

ఇన్‌పుట్ షాఫ్టు కొన ఓ-రింగు మీద దాదాపు 4 మి.మీ. పొడవున ఒక పక్క చెక్కుకుపోయి ఉంది, ఆ ముక్క జాడ లేదు. మొదటి రోజు పట్టించుకోని ఓ-రింగు ఇదే. టర్బైన్ హబ్బులోకి దూరి, అదిమే ఆయిలు వదిలే మార్గంలోకి తప్పించుకోకుండా ఆపేది అదే. చెక్కుకుపోయిన చోటు గుండా ఆయిలు అటే పోతోంది, క్లచ్ సగం బలంతో పట్టుకుని జారుతోంది.

ఎలా తెగిందో అర్థం చేసుకోవడానికి షాఫ్టును చూస్తే చాలు. నాలుగు కన్వర్టర్లనూ "పడుతుందో లేదో" అని ఇదే షాఫ్టు మీద ఎక్కించి దించాం, 27 పళ్లది కూడా. పడని కన్వర్టర్‌ను పళ్ల కోసం తిప్పుతున్నంతసేపూ దాని పదునైన అంచు రబ్బరు మీద నిలబడి తిరిగింది. కొలతలు సరిపోయాయో లేదో చూడాలనే తొందరలో మేమే ఓ-రింగును కోసేశాం.

పాత ఓ-రింగును తీసి, గాడిలో ముక్కలు మిగలకుండా చెక్క పుల్లతో శుభ్రం చేసి, కొత్తదానికి పెట్రోలియం జెల్లీ పలచగా రాసి, కన్వర్టర్‌ను ఒక్కసారే నిటారుగా దించాం. మూడు "టక్"లు, లోతు 29.4, సందు 4.1. అవే అంకెలు. జారుతూ పోయిన కిలోమీటర్లు తక్కువే కాబట్టి కన్వర్టర్ కోయించలేదు: పాత ఆయిలు ఎర్రగానే ఉంది, మాడిన వాసన లేదు, పాన్ అయస్కాంతం మీద మెత్తని బూడిద రంగు మడ్డి తప్ప రేకు ముక్కలు లేవు. ఫిల్టరు మార్చి కొత్త ఆయిలు పోశాం.

ఇక నుంచి ట్రయల్ ఫిట్టింగులన్నీ ఓ-రింగు తీసేసి చేయడం, ఆఖరిసారి ఎక్కించేటప్పుడే కొత్తది పెట్టడం.

10వ రోజు

100 దగ్గర లాక్ కాకముందు 2,290, లాక్ అయ్యాక 2,100. వణుకు లేదు. బ్రేకు మీద కాలు తేలికగా ఆనిస్తే ముల్లు వెంటనే పైకి లేస్తోంది, తీయగానే రెండు సెకన్లలో దిగుతోంది. అదే 40 కిలోమీటర్ల దారి తర్వాత పాన్ 82 డిగ్రీలు.

మిగిలిన పని: 70 కిలోమీటర్ల దగ్గర లాక్ పడుతూ విడుతూ ఉంది, వాక్యూమ్ స్విచ్ స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ సరిచేయాలి. 500 కిలోమీటర్ల తర్వాత కన్వర్టర్ బోల్టులు మళ్లీ బిగింపు చూసి, పాన్ అయస్కాంతం మళ్లీ తీసి చూడాలి.